నిప్పు లేకుండా వెచ్చబడే నేల

చలికాలపు తెల్లవారుజామున పక్కమీదినుంచి లేచి బండల నేలమీద కాలు మోపితే ఒళ్ళు జివ్వుమంటుంది, గదా! గుమ్మడిదల ఉన్న సంగారెడ్డి జిల్లాలో చలి ముదిరితే రాత్రివేళ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకంటె తగ్గిపోతుంది. షాబాదు బండలు, తాండూరు బండలు పరచిన ఇళ్ళలో పాదాలకు ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.

నిజానికి బండకూ, దాని పక్కనున్న చెక్కపీటకూ ఉష్ణోగ్రత ఒకటే. మరి పీట అంత చల్లగా అనిపించదేం? రాయి మన పాదంలోని వేడిని త్వరగా లాగేస్తుంది. చెక్క అలా లాగలేదు. రహస్యం ఇంతే!

మంచు కురిసే దేశాలవారు దీనికి ఏనాడో ఉపాయం కనిపెట్టారు. కొరియాలో వంటింటి పొయ్యి పొగను గది నేలకిందుగా పోనిచ్చి, అవతలిపక్క గొట్టంగుండా బయటికి పంపేవారు. పైనున్న బండలు వేడెక్కి గంటలతరబడి వెచ్చగా ఉండేవి. దీనిని ‘ఓండోల్’ అంటారు. ప్రాచీన రోమనులు తమ స్నానశాలల నేలకింద వేడిగాలిని పోనిచ్చేవారు.

ఇప్పుడు అదే పని పొగ లేకుండా కరెంటు చేస్తున్నది. తీగగుండా కరెంటు పోయేటప్పుడు తీగ దానిని కొంత అడ్డగిస్తుంది. అందువల్ల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుందని జేమ్స్ జౌల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కేదీ ఇందువల్లనే.

అటువంటి నేలను ఎలా అమర్చుతారు? ముందు వేడి కిందికి దిగకుండా అడ్డుపలకలు పరుస్తారు. వాటిమీద తొడుగు వేసిన తీగను, మెలికల ముగ్గులాగా, సమదూరంగా పరుస్తారు. అయితే ముగ్గులో గీత మీద గీత పడవచ్చును గాని, ఇక్కడ తీగ మీద తీగ పడరాదు. పడితే ఆ చోట వేడి ఎక్కువై తొడుగు కాలిపోతుంది. బీరువా ఉండే చోట తీగ వేయరాదు. పొడవు మిగిలిందని కత్తిరించనూరాదు. పొడవు తగ్గితే అడ్డు తగ్గి, కరెంటు ఎక్కువై తీగ మాడిపోతుంది.

తీగల మధ్య వేడిని కనిపెట్టే పరికరం ఉంటుంది. నేల సుమారు 28 డిగ్రీలకు చేరగానే అది కరెంటును ఆపివేస్తుంది. పైన సిమెంటు పూసి టైల్సు వేస్తారు. పూత పూర్తిగా ఆరేదాకా మీట నొక్కరాదు. తీగ పరచకముందు, పరచిన తరువాత, టైల్సు వేసిన తరువాత, మూడుసార్లు మీటరుతో దాని అడ్డును కొలుస్తారు. తాపీ మొన తగిలి తీగ తెగితే కంటికి కనపడదు. అంకె మారితేనే తెలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం ప్రాణరక్షణ. తడికాళ్ళతో నడిచే నేలకింద 230 వోల్టులున్నాయి మరి! అందుచేత తీగకు లోహపు జాలి చుట్టి ఎర్తుకు కలుపుతారు. వెళ్ళినంత కరెంటూ తిరిగి రావాలి. అందులో 30 మిల్లీ ఆంపియర్లు ఎవరి ఒంటిగుండానో జారిపోయినా, రెప్పపాటులో సరఫరాను తెంచే ఆర్‌.సి.సి.బి. అనే మీటను బిగిస్తారు.

ఇంతకూ గుమ్మడిదలలో మనకు ఇటువంటి నేల అవసరమా? పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదికి సుమారు 1,000 వాట్లు కావాలి. అంటే గంటకు ఒక యూనిట్. ఆ కరెంటుతో 75 వాట్ల పంకాలు పదమూడు తిరుగుతాయి! మనకు చలి రెండు మూడు నెలలే. ఎండాకాలంలో ఆ చల్లని బండే హాయి. చలిరోజులలో దానిమీద ఒక గొంగడి పరిస్తే పాదంలోని వేడి పాదంలోనే నిలుస్తుంది.

కాని, ఆ ఆర్‌.సి.సి.బి. మాత్రం మనకూ కావాలి. బకెట్టులో రాడ్డు పెట్టి నీళ్ళు కాచే ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. మీట ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే ఆ నీళ్ళు ముట్టుకోవాలి. ఈ సాయంత్రం మీ నాన్నగారితో కలిసి స్విచ్చిబోర్డు పెట్టెలో ‘టి’ అనే ఇంగ్లీషు అక్షరమున్న చిన్న బొత్తాం ఉన్నదేమో చూడండి. ఉంటే ఆయనచేత నొక్కించండి. టక్కున కరెంటు పోవాలి. పోకపోయినా, అసలు ఆ బొత్తామే లేకపోయినా, ఎలక్ట్రీషియనును పిలిపించవలసిందే!