స్పీకర్లు మార్చే ముందు చోటు మార్చండి

చాలా ఇళ్లలో ఒక స్పీకరు టీవీ పక్కన, ఇంకొకటి షోకేసు పైన కనిపిస్తుంది. వైరు అందినంత మేర, జాగా దొరికిన చోట పెట్టేస్తారు. పాట సరిగా వినిపించడం లేదని తరవాత కొత్త సెట్టు కోసం వాకబు మొదలవుతుంది. నేనైతే ముందు ఉన్నవాటిని జరిపి చూడమంటాను. దానికి పైసా ఖర్చు లేదు.

రెండు స్పీకర్ల నుంచీ ఒకే గొంతు ఒకే క్షణంలో, సమానంగా చెవికి చేరితే, మనిషి ఆ రెంటి నడుమ నిలబడి పాడుతున్నట్టు అనిపిస్తుంది. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పటి నుంచీ కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక స్పీకరు దగ్గరగా ఉంటే గొంతు అటు జారిపోతుంది. అందుకే స్పీకర్ల మధ్య ఆరడుగులుంటే, ఒక్కో దాని నుంచి మీ కుర్చీకీ ఆరడుగులే ఉండేట్టు చూసుకోండి. పైనుండే చిన్న ట్వీటరు చెవి ఎత్తుకు రావాలి. ఇంతచేసినా గొంతు మధ్యలో నిలవక, బేసు పలచగా ఉంటే వెనక వైర్లు చూడండి. ఒక స్పీకరుకు ఎరుపూ నలుపూ తారుమారై ఉండవచ్చు.

అసలు చిక్కు బేసుతోనే. మూలకు నెట్టిన స్పీకరుకు రెండు గోడలూ నేలా తోడై బేసును పెంచుతాయి. మొదట బాగానే ఉంటుంది, కాసేపటికి తబలా, గిటారు కలిసిపోయి ఒకటే హోరు. గది కొలతల ప్రభావం దీనికి అదనం. 12 అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గరి శబ్దం చిక్కుకుంటుంది. గోడల దగ్గర అది మోతెక్కుతుంది, గది నడుమ దాదాపు వినపడదు. 10 అడుగుల వెడల్పుకు ఆ లెక్క 56. స్లాబు ఎత్తు కూడా పదడుగులే అయితే రెండూ ఒకే చోట కలిసి ఇంకా ముదురుతుంది. అందుకని సోఫాను వెనక గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు లాగండి. స్పీకర్లనూ గోడ నుంచి ఇవతలికి తెచ్చి, బాగా తెలిసిన ఒకే పాట వేసి, జానెడు జానెడు జరుపుతూ వినండి.

టైల్సు నేల, నున్నటి గోడలున్న గదిలో మాటల స్పష్టత చెడుతుంది. మీరు కుర్చీలో కూర్చుని, పక్క గోడ వెంట ఇంట్లోవాళ్లను అద్దం జరపమనండి. స్పీకరు అద్దంలో ఎక్కడ కనిపిస్తే శబ్దం అక్కడ తగిలి మీ వైపు తిరుగుతోందన్నమాట. అక్కడ పుస్తకాల బీరువా గానీ మందపాటి తెర గానీ పెట్టండి, నేల మీద తివాచీ పరవండి. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించడం మాత్రం వృథా శ్రమ. తెర కూడా పైస్వరాలనే పీల్చుకుంటుంది, బేసుకు స్పీకర్లనూ సోఫానూ జరపవలసిందే.