నోటి పుండుకు మూడు వారాలే గడువు

మన ఇళ్లలో క్యాన్సర్ అనే మాటను ఇప్పటికీ గట్టిగా పలకం. "ఆ జబ్బు" అంటాం, అదీ గొంతు తగ్గించి. పేరు పలకడానికే భయపడే ఇంట్లో పరీక్షకు వెళ్లే ధైర్యం ఆలస్యంగా వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వైద్య సహాయం కోరుతూ సొసైటీకి వచ్చే అర్జీలు చదువుతుంటే ఒకే కథ మళ్లీ మళ్లీ కనబడుతుంది. నోట్లో పుండు లేచింది. మెడికల్ షాపులో పూత మందు తెచ్చుకున్నారు. ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారు. పన్ను వల్లనే అనుకొని పన్ను పీకించారు. మెడ మీద గడ్డ వచ్చాక హైదరాబాద్ వెళ్లారు. అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి. కొత్త మందుల గురించి ఈ వ్యాసంలో చెబుతాను. కానీ ఆ ఆరు నెలలను పూర్తిగా తిరిగి ఇవ్వగల మందు ఇంకా రాలేదని ముందే చెప్పాలి.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే 14 లక్షల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ బారిన పడ్డారు, 9 లక్షల మందికి పైగా చనిపోయారు. అన్నిటికంటే ఎక్కువగా కనబడినవి రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. ఈ మూడూ మెదడులోనో కాలేయంలోనో దాక్కుని ఉండేవి కావు. టార్చిలైటు వేస్తేనో, చేత్తో తడిమితేనో, చిన్న పరీక్ష చేస్తేనో దొరికేవి. అయినా మన దగ్గర ఎక్కువమంది ముదిరాకనే ఆస్పత్రి గడప తొక్కుతున్నారు.

డాక్టర్లు చెప్పే "స్టేజీ" అంటే చాలామందికి మరణశిక్షలా వినిపిస్తుంది. నిజానికి అది కొలత మాత్రమే. గడ్డ ఎంత పెరిగింది, మెడలోనో చంకలోనో ఉండే గ్రంథులకు చేరిందా, దూరపు అవయవాలకు పాకిందా అన్నవి చూసి ఒకటి నుంచి నాలుగు వరకు అంకె వేస్తారు. నోటి క్యాన్సర్ మొదటి దశలో దొరికితే పదిమందిలో ఏడెనిమిది మంది ఐదేళ్లు దాటుతారు. నాలుగో దశలో ఆ లెక్క తలకిందులవుతుంది. "ఐదేళ్లు" అనగానే ఐదేళ్లకే పోతారని అర్థం చేసుకొని ఏడ్చిన కుటుంబాలున్నాయి. అది గడువు కాదు. ఫలితాలను పోల్చడానికి పరిశోధకులు పెట్టుకున్న గీత అది.

ముందే కనిపెడితే ప్రాణాలు దక్కుతాయన్నది ఊహ కాదు, మన దేశంలోనే రుజువైంది. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వారు బస్తీల్లో గర్భాశయ ముఖద్వారాన్ని పల్చటి వెనిగర్‌తో తుడిచి చూసే పరీక్షను డాక్టర్లు కాని మహిళా కార్యకర్తలతో చేయించారు. అక్కడ ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేస్తే 50 ఏళ్లు దాటిన స్త్రీలలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయని 2021లో అదే ఆస్పత్రి చెప్పింది. వెనిగర్, టార్చిలైటు, చెయ్యి! కోట్ల రూపాయల యంత్రం ఒక్కటీ లేదు. 30 ఏళ్లు నిండినవారికి ఈ మూడు పరీక్షలూ ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. ఆశ కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి, పల్లె దవాఖానాలో అడగండి.

ఇంట్లో మనం చూసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. మూడు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, అంతకంటే ప్రమాదకరమైన ఎర్ర మచ్చ, కారం తగిలితే మంట. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే గుట్కా నమలడం వల్ల చెంప లోపలి పొర బిగుసుకుపోతోందని అనుమానించాలి. గుట్కాపై రాష్ట్రంలో నిషేధం ఉంది, అయినా ఏ పాన్ డబ్బా దగ్గర దొరుకుతుందో మన పిల్లలకు బాగా తెలుసు. మస్జిద్ బయట చెప్పులు విడిచే చోట పడి ఉండే ఖాళీ పొట్లాలను చూసినప్పుడల్లా నాకు జుమా ప్రసంగం ఒకటి దీనిపైనే ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇక చికిత్స. నోటి క్యాన్సర్‌లో మొదటి ఆయుధం ఇప్పటికీ ఆపరేషనే. అందులోనూ కొత్త విషయం ఉంది. మెడలో గడ్డ తగలకపోయినా మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు తీసేయాలా, వచ్చాక తీయవచ్చా అన్నది ఏళ్ల తరబడి సాగిన వాదం. టాటా మెమోరియల్ సర్జన్లు 2015లో తేల్చారు. ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు, ఆగి తీసినవారిలో 67.5 శాతం. కాబట్టి "నోట్లో పుండుకు మెడ ఎందుకు కోస్తారు" అని డాక్టరును అనుమానించకండి.

మందుల కథలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారుచేయించారు. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లలకు తొలిసారి ఉపశమనం తెచ్చారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ చవకైన మాత్ర. ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు ఈ మాత్రతో పాటు మరో రెండు మాత్రలు ఇచ్చే పద్ధతి ముంబైలో ఉంది. దానికి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును కలిపి చూశారు. మన తెల్ల రక్తకణాలు సిపాయిల్లాంటివి. క్యాన్సర్ కణం వాటి బ్రేకు తొక్కి పట్టి తప్పించుకుంటుంది. ఆ బ్రేకును వదిలించేదే ఈ మందు. ఆ సూత్రం కనిపెట్టినవారికి 2018లో నోబెల్ వచ్చింది. పూర్తి డోసు ఖర్చు మనలాంటివారికి అందదు కనుక, ముంబై డాక్టర్లు అందులో పదో వంతు కంటే తక్కువ, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఇది నయం చేయడం కాదు, ఆయుష్షును కొన్ని నెలలు పెంచడం. కానీ పేదవాడి కోసం డోసు తగ్గించి పరీక్షించిన పరిశోధన కాబట్టి నాకిది గొప్పగా తోస్తుంది.

రక్త క్యాన్సర్లలో మార్పు ఇంకా పెద్దది. ఒక రకం దీర్ఘకాలిక ల్యుకేమియాకు 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర రోజూ వేసుకుంటూ ఎందరో మామూలు జీవితం గడుపుతున్నారు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో వంటి కంపెనీలు దాన్ని చవకగా తయారు చేశాయి. పేటెంటు కోసం విదేశీ కంపెనీ వేసిన కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. రోగి కణాలనే బయటికి తీసి, శిక్షణ ఇచ్చినట్టుగా మార్చి, తిరిగి ఎక్కించే పద్ధతి ఇది. విదేశాల్లో మూడు, నాలుగు కోట్లయ్యేది ఇక్కడ 30, 40 లక్షలు. మనకు అదీ భారమే. పైగా అది కొన్ని రక్త క్యాన్సర్లకే, నోటి పుండుకు కాదు. వాట్సాప్‌లో వచ్చే "అన్ని క్యాన్సర్లకూ మందు" వార్తలు చూసి ఇల్లు అమ్ముకోకండి.

మన సమాజంలో ప్రత్యేకంగా కనబడే మూడు అడ్డంకుల గురించి కూడా చెప్పాలి. ముక్క పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందనే భయం మొదటిది. అది నిజం కాదు, ముక్క చూడకుండా చికిత్స మొదలే కాదు. రెండోది కలౌంజీ. దానిపై మనకున్న గౌరవం వేరు, దాన్ని తినడం వేరు. దాన్ని నమ్ముకొని ఆపరేషన్ వాయిదా వేయడం మాత్రం ప్రాణానికే ముప్పు. మనుషుల్లో క్యాన్సర్‌ను అది నయం చేసినట్టు రుజువు లేదు. మూడోది స్త్రీల బిడియం. మెనోపాజ్ తర్వాత రక్తం కనబడినా, రొమ్ములో గడ్డ తగిలినా అమ్మీలు కూతురికి కూడా చెప్పరు. లేడీ డాక్టర్ కావాలని అడగండి, అది మీ హక్కు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. దానికి టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు బాగా పనిచేస్తుంది. మన దేశంలో తయారైన సర్వావ్యాక్ కూడా దొరుకుతోంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిని అందరూ ఎంఎన్‌జే అంటారు. ఆ మూడక్షరాలు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్‌వి. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ తొలి గవర్నరైన ఆయన పేరుతో 1955లో అది వెలిసింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఉన్నాయి, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది.

అయితే కుటుంబాలు కుంగేది బిల్లు దగ్గర కాదు, గది అద్దె దగ్గర. నోటి క్యాన్సర్ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు. మధ్యలో రోజులు తప్పితే ఫలితం తగ్గుతుంది. జనగామ, మహబూబాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు రైలుంది, కానీ మింగలేని మనిషి రోజూ తిరగలేడు. భూపాలపల్లి వాళ్లు ముందు బస్సులో కాజీపేట చేరాలి. కూలి పోయి, అద్దె కట్టలేక, మూడో వారంలో ఇంటికి వచ్చేసేవాళ్లున్నారు. మందుకు ఇచ్చే దాతలు దొరుకుతారు, గదికి ఇచ్చేవాళ్లు దొరకరు. జకాత్ అర్హతను ఉలమా నిర్ణయిస్తారు. నా వరకు ఈ ఏడాది వైద్య సహాయంలో పెద్ద వాటా ఆ ఆరు వారాల గదికీ భోజనానికీ వెళ్లాలని కమిటీని కోరుతున్నాను. రైలులో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి డాక్టర్ సంతకం చేసిన ఫారం స్టేషన్ కౌంటర్‌లో చూపిస్తే చాలు.