మీకు తెలుసా? ఫ్లాష్ ధర కంటే ముందు చూడాల్సింది ఒక లోహపు చుక్క!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కల్యాణ మండపాల్లో కెమెరా పట్టడం నేర్చుకునేవాళ్లు ఫ్లాష్ కొనేటప్పుడు ధర, పవర్ చూస్తారు. అసలు చూడాల్సింది కెమెరా నెత్తినున్న హాట్ షూ. దాని నడుమ గుండ్రటి లోహపు చుక్క ఉంటేనే, అక్కడ తగిలించిన గోడాక్స్ టీటీ600 లాంటి చౌక మాన్యువల్ ఫ్లాష్ వెలుగుతుంది. కెనాన్ 200డీ మార్క్ 2లో ఆ చుక్కే లేదు! పవర్ చేత్తో మార్చుకోవాల్సిన మాన్యువల్ కొత్తవాళ్లకు కష్టం కదా అంటారు. కానీ పీటల మీద వధూవరులు కదలరు, దూరం మారదు. ఒకసారి కుదిరిన పవర్ తలంబ్రాల దాకా సరిపోతుంది. ఊరేగింపు సంగతి వేరు: దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అక్కడ పవర్‌ను తానే సర్దుకునే టీటీఎల్ ఫ్లాష్‌దే పైచేయి. ఇక టీటీ600 డబ్బా మీద పవర్‌ను చెప్పే గైడ్ నంబరు 60 అంటారా, అది 200 ఎంఎం జూమ్ దగ్గర కొలిచిన గొప్ప. కెమెరాను షాపుకు తీసుకెళ్లి, తగిలించి, వెలిగించి చూశాకే డబ్బులివ్వండి.