పాఠకుని చేతిలోని జాబితా

పత్రికకు చందా కట్టిన పాఠకుడు సంచిక వెలువడినదో లేదో యని దినదినము కార్యాలయమునకు పోయి విచారింపడు. సంచిక వెలువడిన పిమ్మట తపాలా ద్వారా అతని యింటికే చేరును. అంతర్జాలమున ఈ సౌకర్యము మొదట లేకుండెను. పది వెబ్‌సైటులయందు ఆసక్తి గలవాడు పదింటిని ఒక్కొక్కటిగా తెరచి, క్రొత్త రచన చేరినదేమో చూచుకొనవలసి వచ్చెడిది. రెండు నెలలకొకమారు వెలువడు సాహిత్యపత్రిక కొరకు ప్రతిదినము చూచువాడు విసిగిపోవును. చూచుట మానినవాడు పత్రికనే మరచును. ఈ చిక్కును తీర్చుటకై యేర్పడిన సాధనమే ఫీడు.

ఫీడనగా వెబ్‌సైటువారు తమ తాజా రచనల వివరములను ఒక నియమిత పద్ధతిలో వ్రాసి, మారని చిరునామాలో ఉంచెడి చిన్న పట్టిక. అందు సాధారణముగా ప్రతి రచనకును శీర్షిక, లంకె, ప్రకటించిన తేదీ, సంగ్రహము, ఆ రచనను గుర్తించుటకొక సంకేతము ఉండును. ఈ పట్టిక మనుష్యుల కొరకు గాక యంత్రము కొరకు వ్రాయబడినది. పాఠకుని కంప్యూటరులోనో ఫోనులోనో ఉండు ఫీడు రీడరు అను ప్రోగ్రాము నియతకాలములయందు పట్టికను తెప్పించుకొని, సంకేతములను పోల్చి, క్రొత్తవానిని మాత్రమే పాఠకుని ముందుంచును. చందాతో పోలిక ఒక విషయమున సరిపడదు. పత్రిక నడుపువారు చందాదారుని పేరును, ఊరును ఎరుగవలెను. ఫీడు ప్రకటించువారికి పాఠకుని పేరుతో పనిలేదు, తెచ్చుకొనువాడు పాఠకుడే.

ఈ పద్ధతి 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టెను. దానిని రూపొందించినవారిలో ముఖ్యులు రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ. గుహ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన భారతీయుడు. ఆర్.ఎస్.ఎస్. అను పేరుతో వ్యాపించిన ఈ పద్ధతికి పిమ్మట భిన్నరూపములు ఏర్పడినవి. 2002లో వెలువడిన రెండవ రూపమునకు డేవ్ వైనర్ ప్రధాన కర్త. 2005లో ఆటమ్ అను మరియొక రూపము అంతర్జాల ప్రమాణముగా వెలువడెను. నేడు మంచి రీడరులు ఈ రూపములన్నిటిని చదువగలవు. పాడ్‌కాస్టులను శ్రోతలకు చేర్చునదియు ప్రధానముగా ఆర్.ఎస్.ఎస్. ఫీడే యనుట చాలమంది యెరుగని సంగతి.

2005లో ప్రారంభమైన గూగుల్ రీడరును ఆ సంస్థ 2013 జూలై 1న మూసివేసెను. ఆ రీడరును నమ్ముకొన్న పాఠకులు మిక్కిలి చింతించిరి. అయినను వారి జాబితాలు నశింపలేదు. అనుసరించు ఫీడుల చిరునామాలన్నిటిని ఓ.పి.ఎమ్.ఎల్. అను చిన్న ఫైలుగా దింపుకొని, మరియొక రీడరునకు అప్పగింపవచ్చును. ఒక దుకాణము మూతపడినను జాబితా పాఠకునిదే.

ఇందే ఈ విషయములోని ముఖ్యాంశ మున్నది. సామాజిక మాధ్యమములలో మన కంటబడు వరుసను చాలవరకు సంస్థ గణనవిధానమే నిర్ణయించును. ఎక్కువమంది తాకినది పైకి వచ్చును. అరుదుగా వ్రాయువాడు, కొద్దిమంది చదువు భాషలో వ్రాయువాడు అడుగునకు పోవును. ఫీడులో అట్టి తూనిక లేదు. ఆరు నెలలకొక వ్యాసము ప్రకటించు పండితుడును, గంటకు పది వార్తలు ప్రకటించు సంస్థయు పాఠకుని జాబితాలో సమానముగా చోటు పొందుదురు. చిన్న పత్రికలే జీవనాధారముగా గల సాహిత్యమునకు ఇది స్వల్పమైన మేలు కాదు. తెలుగు వికీపీడియాలో ప్రతి పుట మార్పుల చరిత్రకును ఫీడు గలదు. ఒక కవిని గూర్చిన వ్యాసమున ఎవరేమి దిద్దిరో ఆసక్తి గలవాడు దాని మూలమున తెలిసికొనవచ్చును.

ఈ సాధనమునకు పరిమితులును గలవు. ఫీడులో తరచుగా తాజా రచనలు కొన్ని మాత్రమే ఉండును. అది భాండాగారము కాదు. కొన్ని వెబ్‌సైటులు సంగ్రహమునే యిచ్చును, కొన్ని ఫీడునే యుంచవు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2018లో తనలోని ఫీడు సౌకర్యమును తొలగించెను. కావున పాఠకుడు ప్రత్యేకముగా రీడరును సమకూర్చుకొనవలెను. వెబ్‌సైటు చిరునామాను ఇచ్చినంతనే దాని ఫీడును వెదకి పట్టుకొను రీడరులు పెక్కు గలవు.

జాబితా పెరిగిన కొలది చదువవలసినదియు గుట్టపడును. ఏడాదికొకమారైన దానిని పరిశీలించి, చదువనివానిని తొలగించుట మేలు. ఏది చదువవలెనో ఫీడు చెప్పజాలదు. ఆ నిర్ణయమును పాఠకునికే విడిచిపెట్టుట దాని గుణము.