బడి తెరిచారు, గుణింతం మళ్లీ మొదలు

2021 నవంబరు 1న తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బడులు తెరిచారు. ఆంధ్రలో ఆగస్టు 16నే తెరిచారు. సరిహద్దు దాటితే కర్ణాటకలో ఆరు నుంచి ఎనిమిది సెప్టెంబరు 6న, చిన్న తరగతులు అక్టోబరు 25న. హోసూరు వైపు తల్లిదండ్రులు ఈ తేదీలు చూపించి మమ్మల్ని అడుగుతూనే వచ్చారు. టీకా లేని పసివాళ్లను ఎలా పంపుతామన్న వాళ్ల భయమూ న్యాయమే. ఈ వాదనల్లో తెలుగు మాధ్యమం పిల్లల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కల్వి టీవీ పాఠం తమిళంలో వచ్చింది. లెక్క అర్థమైనా తెలుగు అక్షరం కంటపడలేదు. ఇంట్లో మాట తెలుగే, కానీ కొట్టు బోర్డూ బస్సు పేరూ తమిళమే కదా! 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు బడి తెరిచేసరికి మూడో తరగతి బెంచీ మీద ఉన్నారు. గుణింతం దగ్గరే ఆగిపోయిన చేతులవి. మొదటి వారం పుస్తకం పక్కనపెట్టి పలకలే పట్టించాం.

సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పేందుకు ‘ఇల్లం తేడి కల్వి’ వాలంటీర్లు వస్తారని అప్పుడు విన్నాం. మంచిదే అనుకున్నాం. తెలుగు వీధులకు మాత్రం తెలుగు రాయను, చదవను వచ్చినవాళ్లే కావాలన్నాం. మన బడుల్లో చదివి ప్లస్ టూ దాటిన అమ్మాయిలు అప్పటికి ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లచేత వెంటనే దరఖాస్తు చేయించమని పెద్దలను కోరాం.