పరాయి ఊరిలో బస ఎక్కడ?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కుటుంబాలు సామాను సర్దుకుని దూర ప్రయాణం కట్టేది తరచుగా వైద్యం కోసమే. ఇక్కడి వైద్యులు "హైదరాబాద్ తీసుకెళ్ళండి" అన్నంతనే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: వెళ్ళి ఎక్కడ దిగాలి? మా మదర్సాకు వచ్చే తల్లిదండ్రులు కూడా మమ్మల్ని ఈ మాట అడుగుతూనే ఉంటారు.

చాలామంది మనసు ముందుగా పాతబస్తీ వైపు పోతుంది. అక్కడ చుట్టాలుంటారు, అడుగడుగునా మస్జిద్ ఉంటుంది, హలాల్ భోజనానికి వెతుకులాట ఉండదు. ఈ ఆలోచనలో తప్పు లేదు. అయితే రోగిని వేకువనే లేపి, ఆటోలో నగరం ఆ కొస నుండి ఈ కొసకు రోజూ తిప్పవలసి వస్తే, మనం ఎంచుకున్న సౌకర్యం ఎవరికి సౌకర్యం?

బస ఎంపికకు మా దృష్టిలో ఒకటే కొలమానం. ప్రయాణికులలో అందరికన్నా బలహీనులెవరో వారి అవసరమే ముందు చూడాలి.

ధర్మం ఏమంటోంది?

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 36వ ఆయతులో దగ్గరి పొరుగువారితో, దూరపు పొరుగువారితో పాటు పక్కనున్న సహచరుని పట్ల, బాటసారి పట్ల కూడా సద్వర్తనతో మెలగమని అల్లాహ్ ఆదేశించాడు. పక్కనున్న సహచరుడంటే ప్రయాణంలో తోడున్నవాడని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. మన వెంట వచ్చిన రోగికి, ఆమెకు తోడుగా వచ్చిన కోడలికి ఆ హక్కు మరింత వర్తిస్తుంది.

మస్జిద్ దూరమవుతుందన్న బెంగ అక్కరలేదు. ఈ సముదాయానికి భూమి యావత్తూ నమాజు స్థలంగా చేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పరాయి ఊరిలో పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పంతో దిగినవాడు ప్రయాణికుడే. నాలుగు రకాతుల ఫర్జ్ అతనికి రెండే. జుమా కూడా అతనిపై విధి కాదు. ధర్మమే ఇంతటి వెసులుబాటు ఇచ్చినప్పుడు రోగి పైన మనం భారం మోపడం ఎందుకు?

చుట్టాల ఇంటి విషయంలోనూ హద్దు ఉంది. ఆతిథ్యం మూడు రోజులేనని, ఆతిథేయి ఇబ్బందిపడేంత కాలం ఉండిపోవడం అతిథికి తగదని హదీసు బోధిస్తోంది. రెండు గదుల ఇంట్లో నెల రోజుల చికిత్సకు దిగితే బంధుత్వమే దెబ్బతింటుంది. మొదటి మూడు రోజులు చుట్టాల ఇంట ఉండి, ఆలోగా ఆసుపత్రి దగ్గర గది చూసుకోవడం ఉభయులకూ మేలు.

ఏ ఆసుపత్రికి ఏ పేట?

నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి రెడ్ హిల్స్ ప్రాంతంలో ఉన్నాయి. వీటికి వెళ్ళేవారికి నాంపల్లి, లక్డీకాపూల్ పరిసరాలు అనువైనవి. నాంపల్లిలో హజ్ హౌస్, యూసుఫైన్ దర్గా ఉన్నందున మన భోజనానికీ నమాజుకూ లోటుండదు. పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్ళేవారు కూడా నాంపల్లిలో దిగవచ్చు, అక్కడి నుండి మారనవసరం లేకుండా ఒకే మెట్రో రైలు ఉంది. ఉస్మానియా ఆసుపత్రికైతే అఫ్జల్‌గంజ్ వీధులే సరి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కూడా దగ్గరే. గాంధీ ఆసుపత్రికి వెళ్ళేవారు జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగితే మెట్రోలో అక్కడి నుండి రెండవ స్టేషనే. వారు నది దాటి పాతబస్తీ దాకా పోనక్కరలేదు.

పూర్వులు ఈ సూక్ష్మం ఎరిగినవారే. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వెలిస్తే, ఏడవ నిజాం కాలంలో బాటసారుల సరాయిని దాని ఎదుటనే కట్టించారు. అలసినవాడు దిగిన చోటే అతనికి నీడ ఉండాలన్నది అందులోని వివేకం.

ఆదిలాబాద్ వారికి నాగ్‌పూర్ హైదరాబాద్ కన్నా దగ్గర. అక్కడ మోమిన్‌పురా మనవారికి పరిచిత పేట, రైల్వే స్టేషన్‌కు సమీపం. కానీ ఎయిమ్స్ నగరపు దక్షిణ అంచున మిహాన్‌లో ఉంది. అక్కడ చూపించుకునేవారు మోమిన్‌పురాలో దిగితే రోజూ నగరమంతా దాటవలసి వస్తుంది.

గది తీసుకునే ముందు

బస్ స్టేషన్‌లో వెంటపడే దళారుల మాట నమ్మి వెళ్ళకండి. వీలైతే వెలుతురుండగానే చేరి గదిని కళ్ళారా చూడండి. తలుపు గడియ గట్టిదా, నీళ్ళు వస్తున్నాయా, రోగి ఎక్కవలసిన మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎలా ఉంది అని పరీక్షించండి. రాత్రివేళ వార్డులో రోగికి తోడుగా ఉన్న స్త్రీ ఒంటరిగా నడిచి రాగలిగేంత దగ్గరగా, దీపాలున్న వీధిలో గది ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. పేటలోని ఇమామును అడిగితే వీధి మంచిచెడ్డలు తెలుస్తాయి.

మంచి పొరుగును కోరుకునే మనం, ఆ నాలుగు రోజులూ మంచి పొరుగువారిగా ఉండటం కూడా మరవరాదు. పక్క గదిలోనూ ఒక రోగి ఉండవచ్చు. అర్ధరాత్రి ఫోనులో బిగ్గరగా మాట్లాడటం, నడవలో గిన్నెలు కడగడం తగవు. పొరుగువాని గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) పదేపదే తాకీదు చేస్తుంటే, అతనిని వారసునిగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (సఅసం) భావించారు.

ఎక్కడ దిగినా, అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు కోరే దుఆను పఠించమని ఆయన (సఅసం) నేర్పారు. దానిని ఇంటిల్లిపాదీ కంఠస్థం చేసుకోండి. ప్రయాణమైన రోగులందరికీ అల్లాహ్ స్వస్థతను, క్షేమంగా ఇల్లు చేరే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.