పాత కారుకి డిజిటల్ పాట: 9 అంగుళాల స్క్రీన్ కావాలా, గుండ్రటి నాబ్ సరిపోతుందా?

ఇంజిన్ కండిషన్‌లోనే ఉంది, ఏసీ చల్లగానే వస్తోంది, టైర్లు కూడా ఈమధ్యే మార్చారు. డాష్‌బోర్డులో స్టీరియో మాత్రం సీడీల కాలం దగ్గరే ఆగిపోయింది. పది పదిహేనేళ్ల వయసున్న చాలా కార్ల పరిస్థితి ఇదే. ఎవర్ని అడిగినా వచ్చే సలహా కూడా ఒక్కటే: "ఆండ్రాయిడ్ సెట్ పెట్టించెయ్ బ్రో, 9 అంగుళాల స్క్రీన్ వస్తుంది." సరే, వస్తుంది. దానివల్ల పాట బాగా వినిపిస్తుందా? బండి నడిపేవాళ్లకి సుఖంగా ఉంటుందా? మా నాన్న నడిపే 2009 మోడల్ హ్యాచ్‌బ్యాక్‌లో స్టీరియో మార్చే పని నాకు పడింది కాబట్టి, ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా వాడి చూశాను.

నాన్న దగ్గర పాటలకి కొదవ లేదు. ఘంటసాల నుంచి ఇళయరాజా దాకా 2,000కు పైగా ఎంపీ3 ఫైళ్లున్నాయి. కారు సెట్‌కి యూఎస్‌బీ లేదు. అందుకని ఫోన్ పక్క సీట్లో పెట్టుకుని దాని స్పీకర్‌లోనే వింటున్నారు. పాట మార్చాలంటే తల వంచి ఫోన్ చూడాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. 3 సెకన్లు ఫోన్ చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్కేస్తుంది.

అందుకే నా టెస్ట్‌కి ప్రశ్నలు రెండే. ఒకటి, సౌండ్ ఎలా ఉంది? రెండు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా పాట మార్చగలమా?

తక్కువ ఖర్చు దారులు

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్: సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే చాలు. పెన్‌డ్రైవ్‌లోని పాటని చిన్న రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది, మన సెట్ దాన్ని పట్టుకుంటుంది. ఫిట్టింగ్ అక్కర్లేదు. కానీ ఎఫ్ఎం స్టీరియోలో ఆడియో 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తాళాల మెరుపు, వయొలిన్ పైస్థాయి కాస్త తగ్గుతాయి. అంతకంటే పెద్ద తలనొప్పి ఫ్రీక్వెన్సీ. హైదరాబాద్‌లో ఖాళీగా దొరికిన ఫ్రీక్వెన్సీ విజయవాడ చేరేసరికి ఖాళీగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. మధ్యలో గరగర మొదలైతే మళ్లీ బటన్లు వెతుక్కోవాలి. రెండో ప్రశ్నకి ఫెయిల్.

ఆక్స్ కేబుల్: మీ సెట్‌కి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటే ఎఫ్ఎం కంటే ఇదే మేలు. ఒక చిక్కుంది. ఫోన్‌ని కారు చార్జర్‌కి, ఆక్స్‌కి ఒకేసారి తగిలిస్తే ఇంజిన్ స్పీడుతో పాటు పెరిగే 'కుయ్‌'మనే శబ్దం రావచ్చు. అది గ్రౌండ్ లూప్. మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే పోతుంది. కానీ పాట మార్చాలంటే ఇందులోనూ ఫోనే గతి.

బ్లూటూత్ రిసీవర్: ఆక్స్ జాక్‌కి పెట్టే చిన్న డబ్బా. బ్లూటూత్ ఆడియోలో అన్ని పరికరాలకీ తప్పనిసరి కోడెక్ ఎస్‌బీసీ. మామూలుగా వాడే హై క్వాలిటీ సెట్టింగ్‌లో అది 328 కేబీపీఎస్ దాకా ఇస్తుంది. కారు రొదలో అది చాలు. నెక్స్ట్, ప్రీవియస్ బటన్లుంటే సగం పాస్. 2,000 పాటల్లో కావలసింది వెతకడానికి మాత్రం ఇదీ పనికిరాదు.

సెట్ మార్చాలంటే: ముందు స్కేలు తీయండి

డాష్‌బోర్డులో సెట్ కూర్చునే ఖాళీకి స్టాండర్డ్ కొలతలున్నాయి. వెడల్పు 180, ఎత్తు 50 మిల్లీమీటర్లయితే సింగిల్ డిన్. ఎత్తు 100 అయితే డబుల్ డిన్. కొత్త కార్లలో స్క్రీన్ డాష్‌బోర్డులోనే కలిసిపోయి ఉంటే ఈ లెక్క వర్తించదు. ఆ కారు మోడల్ కోసమే చేసిన ఫ్రేమ్ కావాలి. స్టీరింగ్ మీద ఆడియో బటన్లుంటే, కొత్త సెట్‌తో అవి పనిచేస్తాయా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. కొన్ని కార్లకి వేరే అడాప్టర్ కావాలి.

నాన్న కారుది సింగిల్ డిన్. దానికి సీడీ డ్రైవ్ లేని, యూఎస్‌బీ, బ్లూటూత్ రెండూ ఉన్న మామూలు సెట్ తీసుకున్నాను. పోలిక కోసం మా బాబాయి కారులో ఉన్న 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్‌ని వారం రోజులు వాడాం.

స్క్రీన్ వర్సెస్ నాబ్

ఆండ్రాయిడ్ సెట్‌ని తక్కువ చేయను. మ్యాప్స్ పెద్దగా కనిపిస్తాయి, రివర్స్ కెమెరా పెట్టుకోవచ్చు. పాట పేరు తెలుగులో ఉన్నా తెలుగులోనే చూపిస్తుంది. రోజూ కొత్త రూట్లలో తిరిగేవాళ్లకి మంచి ఆప్షనే.

కానీ టచ్ స్క్రీన్ మీద లిస్టు స్క్రోల్ చేయాలంటే చూడకుండా కుదరదు. వేలికి తగిలేది నున్నటి గాజే, ఏ బటన్ ఎక్కడుందో వేలు చెప్పలేదు. నాన్న రెండో రోజుకే "దీనికంటే ఫోనే నయం రా" అనేశారు. ఫోన్ తీసి పక్కన పెట్టడానికి ఇంత ఖర్చు పెట్టి, అంతకంటే పెద్ద ఫోన్‌ని డాష్‌బోర్డుకి అతికిస్తే ఏం లాభం?

సింగిల్ డిన్ సెట్‌లో గుండ్రటి నాబ్ ఉంది. తిప్పితే వాల్యూమ్. సెర్చ్ నొక్కి తిప్పితే ఫోల్డర్లు. ఒక్కో ఫోల్డర్‌కి 'టిక్' అని చేతికి తెలుస్తుంది. ఫోల్డర్ల వరుస గుర్తుంటే చాలు, మూడు టిక్కులు తిప్పితే ఇళయరాజా.

చవకరకం ఆండ్రాయిడ్ సెట్లు కొనేవాళ్లకి ఇంకో మాట. సెట్టింగ్స్ పేజీలో కనిపించే ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ అంకెలు నమ్మకండి. వాటిని పెంచి చూపించే సెట్లు మార్కెట్లో ఉన్నాయి. షాపులోనే హార్డ్‌వేర్ వివరాలు చూపించే యాప్ ఒకటి వేసి చెక్ చేయండి. ఆఫ్ చేసి ఆన్ చేసి, పాట మొదలవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూడండి.

"50 వాట్స్ ఇంటు 4" వెనక లెక్క

సెట్ డబ్బా మీద ఇది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వోల్టేజ్ సుమారు 14.4. స్పీకర్ 4 ఓమ్స్. 14.4ని 14.4తో గుణించి 4తో భాగించండి: దాదాపు 52 వాట్లు. అంటే ఆ '50' అనేది సిగ్నల్ పూర్తిగా చదునైపోయి, చెవులు పగిలేలా వక్రీకరించినప్పుడు వచ్చే అంకె. శుభ్రమైన సైన్ వేవ్‌కి అందులో సగమే, 26 వాట్లు. అదీ కాగితం మీద. నష్టాలన్నీ పోను చేతికొచ్చేది ఒక్కో చానల్‌కి 20 వాట్ల అటూ ఇటూ.

ఇంకో క్రాస్ చెక్: నాన్న సెట్ వెనక ఉన్న ఫ్యూజ్ 10 ఆంపియర్లది. 14.4 ఇంటు 10 అంటే లోపలికి వెళ్లేదే 144 వాట్లు. బయటికి నిలకడగా 200 ఎలా వస్తాయి?

అందుకే వాట్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, స్పీకర్ల మీద పెట్టండి. స్పీకర్ డబ్బా మీద సెన్సిటివిటీ చూడండి. 89 డెసిబెల్స్ స్పీకర్ బదులు 92 డెసిబెల్స్‌ది తీసుకుంటే, ఆ 3 డెసిబెల్స్ తేడా ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినదానితో సమానం. నాన్న కారులో సెట్ మార్చినప్పుడు పాటలు వెతకడం తేలికైంది. ముందు తలుపుల్లో కాగితం కోన్ ఎండిపోయిన పాత స్పీకర్లు మార్చాకే తబలా తబలాలా వినిపించింది.

వైర్లు కోయనివ్వకండి

విజయవాడ ఆటోనగర్‌లో మొదట వెళ్లిన షాపులో కుర్రాడు కట్టర్ పట్టుకునే వచ్చాడు. కంపెనీ కనెక్టర్ కోసేసి, వైర్లు మెలేసి టేప్ చుట్టడం వాళ్లకి ఐదు నిమిషాల పని. ఎండాకాలంలో ఆ టేప్ జిగురు కరిగి ఊడిపోతుంది, వైరు వైరుకి తగిలితే షార్టే. మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ అడగండి. ఒక పక్క కారు సాకెట్‌కి, ఇంకో పక్క కొత్త సెట్‌కి నేరుగా కూర్చుంటుంది. రేపు పాత సెట్ పెట్టాలన్నా పెట్టొచ్చు. ఆ షాపులో కప్లర్ లేదన్నారు, పక్క వీధిలో దొరికింది.

కొత్త సెట్ల వైర్ల రంగులు కూడా తెలుసుకుని వెళ్లండి:

- పసుపు: బ్యాటరీ నుంచి నేరుగా, ఎప్పుడూ కరెంటు ఉండాలి. సెట్టింగ్స్ గుర్తుండేది దీనివల్లే.
- ఎరుపు: తాళం తిప్పితేనే కరెంటు రావాలి.
- నలుపు: గ్రౌండ్.

తాళం తీసిన ప్రతిసారీ గడియారం, రేడియో స్టేషన్లు చెరిగిపోతున్నాయంటే చాలావరకు పసుపు, ఎరుపు తారుమారై ఉంటాయి. తాళం తీసినా సెట్ ఆగకపోతే ఎరుపుని కూడా బ్యాటరీకే కలిపేశారని అర్థం. వారం బండి తీయకపోతే బ్యాటరీ డౌన్ అయ్యే ప్రమాదం ఉంది.

పెన్‌డ్రైవ్‌లో అసలు కథ

సెట్ మంచిదే, ఫైళ్లు పద్ధతిగా లేకపోతే చిరాకే మిగులుతుంది.

- ఫార్మాట్: చాలా కారు సెట్లు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, వాటిని సెట్ గుర్తుపట్టకపోవచ్చు. 5 నిమిషాల పాట 320 కేబీపీఎస్‌లో 12 ఎంబీ. 2,000 పాటలు 24 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు.
- వరుస: కొన్ని సెట్లు అక్షర క్రమం పట్టించుకోవు, కాపీ అయిన క్రమంలోనే ప్లే చేస్తాయి. ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఫోల్డర్లని ఒక్కొక్కటిగా, కావలసిన వరుసలో కాపీ చేయండి.
- పేర్లు: చిన్న డిస్‌ప్లేల్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగానో, ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తాయి. ఫోల్డర్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అంకెలతో పెట్టండి.
- మ్యాక్ వాడేవాళ్లు: కాపీ చేసేటప్పుడు చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. సెట్ వాటిని కూడా పాటలనుకుని ఆగిపోవచ్చు. తీసేయండి.
- క్వాలిటీ: 128 కేబీపీఎస్ ఫైల్‌ని 320కి మారిస్తే సైజు పెరుగుతుంది, పోయిన సౌండ్ తిరిగి రాదు. ఇంట్లో ఒరిజినల్ ఆడియో సీడీలుంటే పారేయకండి. వాటిలో ఉన్నది 1,411 కేబీపీఎస్, కంప్రెస్ చేయని ఆడియో. ల్యాప్‌టాప్‌లో రిప్ చేసి ఒక కాపీ ఫ్లాక్‌లో దాచుకోండి, కారుకి 320 ఎంపీ3 చేసుకోండి.

ఎవరికి ఏది?

నాకైన ఖర్చు: సెట్ రూ. 4,800, ముందు స్పీకర్ల జత రూ. 2,900, కప్లర్, ఫిట్టింగ్ కలిపి రూ. 700. మొత్తం రూ. 8,400. బాబాయి ఆండ్రాయిడ్ సెట్‌కి కెమెరాతో కలిపి రూ. 18,000 అయింది, స్పీకర్లు మాత్రం పాతవే.

మీ సెట్‌కి ఆక్స్ ఉండి, ఈ ఏడాదో వచ్చే ఏడాదో కారు మార్చే ఆలోచన ఉంటే బ్లూటూత్ రిసీవర్‌తో సరిపెట్టుకోండి. మ్యాప్స్, కెమెరా రోజూ అవసరమైతే పేరున్న కంపెనీ స్క్రీన్ తీసుకోండి, పాటల లిస్టు బయల్దేరే ముందే పెట్టుకోండి. కారు ఇంకో ఐదేళ్లు ఉంచుకునేవాళ్లు, సొంత పాటల ఫైళ్లు ఉన్నవాళ్లు, ముఖ్యంగా అమ్మానాన్నల కోసం కొనేవాళ్లు నాబ్ ఉన్న సింగిల్ డిన్, మంచి ముందు స్పీకర్లు తీసుకోండి. షాపుకి వెళ్లినప్పుడు ఒక చిన్న పని చేయండి: డిస్‌ప్లేకి పెట్టిన సెట్ ముందు కళ్లు మూసుకుని పాట మార్చి చూడండి. మార్చగలిగితేనే డబ్బు తీయండి.